తడి రాళ్ళ గున్నయ్య

మా గవ్వలపేటలో ఏ ఇంటి ముందు చూసినా థర్మాకోల్ ఐసు పెట్టెలుంటాయి. మూత తీస్తే చేపలుంటాయి, లేకపోతే చేపల వాసనైనా ఉంటుంది. గున్నయ్య మావ ఇంటి ముందున్న పెట్టెలో మాత్రం రాళ్ళుండేవి. పెట్టె నిండా నీళ్ళు, నీళ్ళ అడుగున రాళ్ళు. మనుషులు కుళాయి కాడ బిందెలతో కొట్టుకుంటుంటే ఈయన రాళ్ళకి నీళ్ళు పడుతున్నాడని ఆయన భార్య అప్పలమ్మత్త ఎండాకాలమంతా సణిగేది.

"ఎండిన రాయి మొకం ముడుసుకునుంటాదే. తడిపితేనే దాన్లో ఏటున్నాదో బయటికొత్తాది," అనేవాడు మావ.

"అయితే నన్నూ ఓపాలి తడుపు. నాలో ఏటున్నాదో బయటికొత్తాది," అనేది అత్త. వీధి వీధంతా నవ్వేది.

గున్నయ్య మావ మా అమ్మకి తమ్ముడు. పడవలకి రంగులేస్తాడు. అంతకు ముందు అందరిలాగే వేటకెళ్ళేవాడు. ఒక ఏడాది కాళ్ళు వాచాయి, మొహం వాచింది, పలాసలో పరీక్షలు చేసి కిడ్నీలు పోయాయన్నారు. ఇంటికో కిడ్నీ రోగి ఉండే మా ఉద్దానంలో ఆ మాట విని ఎవరూ ఉలిక్కిపడరు. తర్వాత వంతు ఎవరిదా అని చూసుకుంటారు, అంతే. వల లాగే ఓపిక పోయాక మావ కుంచె పట్టాడు. నేను టెక్కలి కాలేజీలో ఇంజనీరింగు మధ్యలో మానేసి బారువకీ సోంపేటకీ మధ్య ఆటో తిప్పుకుంటున్నాను కాబట్టి, మావని డయాలసిస్‌కి పలాస తీసుకెళ్ళే పని నా మీద పడింది. జరిగినదంతా దగ్గరుండి చూసింది అందుకే.

ఫైబర్ బోట్లు వచ్చాక మా తీరంలో రంగుల పని పెరిగింది. ఎండాకాలంలో వేట నిషేధం పెట్టినప్పుడు బోట్లన్నీ ఒడ్డెక్కుతాయి. వాటిని గీకి, మాట్లేసి, రంగులేసి, నిషేధం ఎత్తేసిన రోజున గంగమ్మకి దండం పెట్టుకుని నీళ్ళలోకి దింపుతారు. మిగతా ఊళ్ళల్లో రంగులేసేవాళ్ళ దగ్గర అట్టముక్కలతో కోసిన అచ్చులుంటాయి. తామరపువ్వు, సొరచేప, సినిమా హీరో. అచ్చు పెట్టి స్ప్రే కొడితే పని అయిపోతుంది. మావ దగ్గర అచ్చుల్లేవు. ఆ ఐసు పెట్టె ఉంది.

మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటుని మేం మొగ అంటాం. కొండల నుంచి ఏరు మోసుకొచ్చిన రాళ్ళు అక్కడ కెరటాల కింద పడి, దొర్లి దొర్లి నున్నబడతాయి. నీరు వెనక్కి తీసినప్పుడు మావ అక్కడ నడుం వంచుకుని తిరిగేవాడు. బోలెడు రాళ్ళు తిరగేసి ఏ ఒక్కటో ఉంచుకునేవాడు. నాకవన్నీ ఒక్కలాగే ఉండేవి. ఒకసారి గోధుమ రంగు రాయొకటి నీళ్ళలో ముంచి నా మొహం ముందు పెట్టాడు. దాని మీద సన్నటి నల్ల చారలున్నాయి. ఏం కనపడుతోందని అడిగాడు. రాయి, అన్నాను. అందుకే నీ చదువు అలా తగలడింది అన్నాడు.

ఆ చారలే తర్వాత ఒక బోటు పక్కన వంజరం చేపల గుంపు ఒక్కసారిగా తిరగబడినట్టు వచ్చాయి. చేప ఒక్కటీ గీయలేదు మావ. ఎడమ చేతిలో తడి రాయి, కుడి చేతిలో కుంచె. కన్ను రాయి మీద ఉండేది, రంగు బోటు మీద పడేది. రాయి ఆరుతున్నట్టనిపిస్తే మళ్ళీ నీళ్ళలో ముంచేవాడు. ఇంకో బోటుకి ఆకుపచ్చ రాయి మీద తెల్ల మచ్చలు తీసుకుని తుఫాను ముందు ఆకాశంలాంటిదేదో వేశాడు. ఆ బోటు ఓనరు దాన్ని చూసి మబ్బులేసి ఇచ్చావేంటి అని గొణిగాడు గానీ, వారం తిరగకుండా పక్క ఊళ్ళవాళ్ళకి పిలిచి మరీ చూపించుకున్నాడు.

"నా బుర్రలోంచి ఏటీ తియ్యనురా," అనేవాడు మావ. "నా బుర్రలో ఉన్నాది తీసి ఏత్తే ఎవులూ ఆ బోటెక్కరు."

ఆయనకొక పద్ధతి ఉండేది. రాయిని బోటు ఓనరే ఎంచుకోవాలి. కళ్ళు మూసుకుని పెట్టెలో చెయ్యి పెట్టాలి. చేతికేది దొరికితే అదే ఆ బోటు రాయి. బొమ్మ అయ్యాక ఆ రాయిని బోటు ముక్కులో, లోపలి వైపు, రెసిన్‌తో అంటించేవాడు. అలా మా ఊరి బోట్లలో చాలావాటికి ముక్కులో ఒక రాయి ఉండేది. చేపలు పడితే రాయి మంచిదనేవారు. పడకపోతే మావని తిట్టేవారు.

ఇంకో సంగతి చెప్పకపోతే ఆ తర్వాత జరిగింది అర్థం కాదు. మా వాళ్ళలో మనిషి పోతే దినాల రాయి పెడతారు. ఇంటి ఆడమనిషి మొగ దగ్గరికెళ్ళి ఒక రాయి ఏరుకొస్తుంది. దాన్ని రోజూ కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, దీపం పక్కన కూర్చోబెట్టి అన్నం పెడతారు. పదో రోజున మగాళ్ళు దాన్ని బోటులో తీసుకెళ్ళి, కెరటాల వరసలు మూడూ దాటించి లోతులో వదలాలి. మూడూ దాటాలి. దాటకపోతే పోయినవాడు ఒడ్డునే తచ్చాడుతుంటాడని మా నమ్మకం. శవం దొరకనివాళ్ళకైతే ఆ రాయే శవం.

కాంతమ్మత్త మొగుడు బైరాగి శవం దొరకలేదు. పోయిన కార్తీకంలో వాయుగుండం పట్టినప్పుడు వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఇచ్ఛాపురం వైపు బోటు ముక్కలు కొన్ని తేలాయి, మనిషి తేలలేదు. కాంతమ్మత్త మొగ నుంచి నల్లరాయి ఒకటి ఏరుకొచ్చింది. దాని మీద తెల్లటి గీత పైనుంచి మెలికలు తిరుగుతూ దిగి, మధ్యలో తెగిపోయి, కాస్త ఖాళీ వదిలి, మళ్ళీ మొదలై అడుగుకి పోతుంది. గీత తెగిన చోట వేలు పట్టేంత చిన్న గుంట. ఆ గుంటలోనే ఆవిడ రోజూ కుంకం పెట్టేది. పసుపు రాసేస్తే గీత కనపడదు. కడిగేటప్పుడే కనపడుతుంది. కడిగేటప్పుడు దాన్ని కళ్ళార్పకుండా చూసింది ఇద్దరు. ఒకరు కాంతమ్మత్త. ఇంకొకరు మా మావ. పరామర్శకెళ్ళిన మనిషి ఆ రాయినే చూస్తూ కూర్చుంటే అప్పలమ్మత్త మోచేత్తో పొడిచి లేపుకొచ్చింది.

పదో రోజున బైరాగి తమ్ముడు ధనరాజు ఆ రాయి పట్టుకుని బోటెక్కాడు. సముద్రం ఇంకా చల్లబడలేదు. వెళ్ళాడు, వచ్చాడు. వదిలేశానన్నాడు.

మరుసటి ఎండాకాలానికి ధనరాజు కొత్త బోటు తెచ్చాడు. రంగుల కోసం మావ దగ్గరికొచ్చాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. వాడు కళ్ళు మూసుకుని పెట్టెలో చెయ్యి పెట్టి, పైనున్న రాళ్ళని అటూ ఇటూ నెట్టి, మోచేతి దాకా ముంచి అడుగున తవ్వాడు. బయటికి తీసింది నల్లరాయి. తెల్ల గీత. మధ్యలో తెగింది.

మావ నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు.

ధనరాజు ఆ రాయిని చేతిలో ఎగరేసి చూసుకుని, "బరువుగా ఉన్నాది బావా, ఇదే బాగున్నాది," అని మావకిచ్చి వెళ్ళిపోయాడు. వాడు గుర్తుపట్టలేదు. దినాలప్పుడు పసుపు ముద్దగా చూసిన రాయి. అదీకాక అప్పుడు దాని వంక తేరిపార చూసే స్థితిలో లేడు.

ఆ బోటుకి పెట్టినంత ఓపిక మావ దేనికీ పెట్టలేదు. డయాలసిస్ అయిన మర్నాడు మామూలుగా మంచం దిగడు. అలాంటిది ఇసకలో గొడుగు పాతుకుని కూర్చున్నాడు. బోటుకి నలుపు వద్దని ధనరాజు పట్టుబడితే నలుపు కాబోయి ఆగిన ముదురు నీలం కలిపాడు. ముక్కు దగ్గర మొదలైన తెల్ల గీత మెలికలు తిరుగుతూ పక్క పొడుగునా పోయి, మధ్యలో తెగింది. తెగిన చోట ఏమీ లేదు, మా ఇసకలో కనిపించే ఎర్ర రేణువుల్లాంటి చుక్కలు కొన్ని తప్ప. అవతల గీత మళ్ళీ మొదలై నీళ్ళలో మునిగే భాగంలోకి దిగిపోయింది. రంగు మందంగా వేశాడు, చేత్తో తడిమితే తెలిసేటంత. పిల్లలు పామన్నారు. ఎవరో మెరుపన్నారు. నాకు కళ గురించి తెలీదు, తెలుసని చెప్పుకునేవాళ్ళంటే పడదు. కానీ ఆ బోటు పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా, ఆ తెగిన చోట నా అడుగు ఆగేది.

నిషేధం ఎత్తేసిన రోజు వచ్చింది. ముక్కులో అంటించే ముందు పూజకని బోటు ముందు పీట వేసి రాయిని పెట్టారు. ధనరాజు పెళ్ళాం పసుపు చల్లి, గుంటలో కుంకం పెట్టింది. గుంట ఉంటే ఎవరైనా బొట్టు అక్కడే పెడతారు. మొగుడు పోయిన మనిషి కాబట్టి కాంతమ్మత్త పూజ దగ్గరికి రాలేదు. దూరంగా వలల గుట్ట పక్కన నిలబడింది. కొబ్బరికాయ కొట్టారు, అందరూ భోజనాలకి లేచారు. మేం తిని తిరిగొచ్చేసరికి ఆవిడ బోటు ముక్కు కింద ఇసకలో కూర్చుని ఉంది. ఒళ్ళో రాయి. ఉంగరం వేలు ఆ గుంటలో ఉంది.

తలెత్తి మరిదిని చూసింది. "ధనరాజూ, మీ అన్న ఇక్కడేటి సేత్తన్నాడు?"

గట్టిగా కూడా అనలేదు. అక్కడ డప్పు వాయించేవాడు డప్పు కింద పెట్టేశాడు.

మర్నాడు తుఫాను షెల్టరు కింద పెద్దలు కూర్చుంటారని కబురొచ్చింది. ఊరి పెద్ద కొర్లయ్య తాత. వెళ్ళే ముందు మావని నిలదీశాను. ఆ రాయి అని నీకు తెలుసా తెలీదా, సూటిగా చెప్పమన్నాను. ఆయన ఖాళీ చేతులు తడుముకున్నాడు.

"తెలిసినట్టే అనిపించినాదిరా. తెలీనట్టు సేసుకున్నాను," అన్నాడు. "ఎండల ముందు మొగలో దొరికినాది. అలాటి గీత మళ్ళీ దొరకదు. ఎవులకీ తగలకుండా అడుక్కి తోసినాను. ఆడి సెయ్యి అడుక్కే ఎల్లినాది."

"ఎల్లినప్పుడైనా సెప్పాలి గదా మావా."

"సెప్తే ఆ గీత నాను ఎయ్యను గదా."

నాకు ఒళ్ళు మండింది. అయినా తిట్టలేకపోయాను. తప్పని ఆయనకి తెలుసు, తెలిసీ కుంచె ముంచాడు. అక్కడ మాత్రం ఆ మాట అనొద్దనీ, తెలీదనే చెప్పమనీ చెప్పాను.

షెల్టరు కింద ధనరాజు చెప్పింది ఒకటే. గున్నయ్య దినాల్లో ఆ రాయి మీదే కన్నేశాడు, ఊరంతా చూసింది. మూడు కెరటాలు దాటించిన రాయి వెనక్కి రాదు. అంటే దాన్ని దాటకముందే మాయం చేసి, తన చేతిలో ఇంకో రాయి పెట్టి ఉండాలి. అన్న శవాన్ని చేపల పెట్టెలో దాచి దాని మీద రంగులాట ఆడాడు. ఈ మాటలు చెప్తున్నంతసేపూ వాడు మావ వైపు చూడలేదు, నేల వైపు చూశాడు. కొర్లయ్య తాత మావని అడిగాడు. మావ నేను చెప్పమన్నది చెప్పలేదు. మొగలో దొరికిందనీ, దొంగలించలేదనీ, అనుమానం వచ్చినా నోరు మూసుకున్నాననీ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. మొగలో ఎలా దొరుకుతుందని నలుగురూ మీద పడ్డారు. ఇక ఆ పెట్టె పగలగొట్టడం, మావని వేరే ఊరు పొమ్మనడం, ఆ దారిలోకి పోతోంది మాట.

స్తంభం పక్కన కూర్చున్న కాంతమ్మత్త లేచింది. మా పేటలో పెద్దల ముందు ఆడాళ్ళు లేచి మాట్లాడరు. ఆవిడ మాట్లాడింది.

"రాయి ఎవులూ మార్సనేదు తాతా. ధనరాజు మొదటి కెరటం కాడే జారవిడిసి ఎనక్కి తిరిగిపోనాడు. ఆ దినం నాను ఒడ్డునే ఉన్నాను, సూసినాను."

కొర్లయ్య తాత అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాడు.

"దగ్గిరే ఉన్నాడు గదాని ఊరుకున్నాను. దూరం పోయి ఏటి సేత్తాడు? రోజూ పొద్దున మొగకాడికి ఎల్లి పలకరించొచ్చీదాన్ని." మావ వైపు చెయ్యి చూపింది. "గున్నన్న దాన్ని పాడు సెయ్యనేదు. నాను ఏ గీత సూసినానో ఆ గీతే ఏసినాడు."

తాత ధనరాజు వైపు తిరిగాడు. కెరటాలు ఇంటెత్తు లేచాయని, తనక్కూడా పిల్లలున్నారని, బోటు తిరగబడితే ఆ ఇంట్లో రెండో రాయి పెట్టాల్సొచ్చేదని వాడు చెప్పాడు. చెప్తూ ఏడ్చాడు.

కాంతమ్మత్త మావని కాపాడ్డానికే లేచింది. మరిది ఇంట్లో బతుకుతూ ఆ మాట అనడం చిన్న సంగతి కాదు. ఆ మాటే మావని ముంచింది. షెల్టరు కింద కూర్చున్న మగాళ్ళందరూ ఒక్కసారిగా కాళ్ళ వైపు చూసుకోవడం నేను చూశాను. సముద్రం ఎగసిపడే రోజున దినాల రాయి పట్టుకుని బోటెక్కినవాడు ధనరాజు ఒక్కడేనా? వాళ్ళ తండ్రులూ, తాతలూ అందరూ మూడూ దాటారా? ఎవరూ పైకి అనలేదు. అనక్కర్లేకపోయింది. వెనక నుంచి ఎవరో నెమ్మదిగా అడిగారు, "మరి మా బోటు ముక్కులో ఉన్నాది ఎవుల్ది?"

ఆ మాటతో పంచాయితీ అయిపోయింది. అందరూ లేచి ఒడ్డుకి పోయారు.

సాయంత్రం లోపల ఊళ్ళో బోట్లన్నిటి ముక్కుల్లోంచి రాళ్ళు ఊడబెరికారు. ఉలులతో కొట్టారు, కొన్నిచోట్ల ఫైబర్ కూడా పగిలింది. తెచ్చి మావ గుమ్మం ముందు పెట్టారు. విసరలేదు. ఒక్కొక్కరూ వంగి, రెండు చేతులతో పెట్టి వెళ్ళారు. రాళ్ళని అలా పెడుతుంటే నాకు భయమేసింది. తిట్టి విసిరినా బాగుండేది.

తర్వాత ఆడాళ్ళొచ్చారు. ముందు ఒక ముసలమ్మ వచ్చింది. గుట్ట పక్కన చతికిలబడి ఒక్కో రాయీ తీసి పెట్టెలో నీళ్ళలో ముంచి చూడ్డం మొదలెట్టింది. ఆవిణ్ణి చూసి ఇంకొకరు. చీకటి పడేలోపు వీధిలో సగం మంది అక్కడే ఉన్నారు. మొగుళ్ళని, కొడుకుల్ని, తండ్రుల్ని వెతుక్కుంటున్నారు. రాయి ముంచడం, తిప్పడం, పక్కన పెట్టడం. మావ ఏళ్ళ తరబడి చేసిన పనే. ముసలమ్మ ఎర్రచారల రాయొకటి మావ ముందు పెట్టింది. "ఇది మా గుంటడిదేనా బాబూ? ఆడు ఎర్రగా ఉండీవోడు," అంది. మావకేం తెలుస్తుంది? తెలీదమ్మా అన్నాడు. ఆవిడ దాన్ని కొంగున కట్టుకుని పోయింది. ఇంకో రాయి కోసం ఇద్దరు తోడికోడళ్ళు వాదులాడుకున్నారు. అప్పలమ్మత్త ఎవరికీ ఏమీ చెప్పకుండా కుళాయి నుంచి బిందెలు మోసి పెట్టెలో నీళ్ళు నింపుతూనే ఉంది.

ఎవరూ తీసుకోకుండా మిగిలిన రాళ్ళని మూడు కెరటాలు దాటించి రమ్మని కొర్లయ్య తాత ధనరాజుకి చెప్పాడు. ఇక మీదట మొగలో రాయి ఎవరూ ముట్టకూడదన్నాడు. బైరాగి రాయి కూడా ఆ బోటులోనే పోవాలన్నాడు. కాంతమ్మత్త దాన్ని ఒక్కరోజు ఇంట్లో ఉంచుకుని, కడిగి, అన్నం పెట్టి, తనే తెచ్చి బోటు దగ్గర ఇచ్చింది. ఆడమనిషి బోటెక్కకూడదు కాబట్టి మోకాలి లోతు నీళ్ళలో ఆగిపోయింది.

మావ తనూ వస్తానన్నాడు. డాక్టరు వద్దన్నాడు, అత్త వద్దంది, ధనరాజు కూడా వద్దన్నాడు. అయినా ఎక్కాడు. పట్టుకోడానికి నేనూ ఎక్కాను. మొదటి కెరటానికే మావకి వాంతైంది. రెండో వరసలో బోటు ముక్కు ఆకాశానికి లేచింది. అప్పుడు ధనరాజు మొహం చూశాను, వాడు అప్పట్లో ఎందుకు తిరిగొచ్చేశాడో అర్థమైంది. ఈసారి మాత్రం వెనక్కి తిప్పలేదు. మూడో వరస దాటాక నీళ్ళు నల్లగా, నిలకడగా ఉన్నాయి. మావ ఒక్కో రాయినీ ముంచి, చివరిసారి ఒక చూపు చూసి వదిలాడు. దేన్ని చూసి ఏ బోటు వేశాడో గొణుక్కుంటున్నాడు. నల్లరాయి దగ్గరికొచ్చేసరికి దాన్ని ధనరాజు చేతికిచ్చాడు. వాడు వదిలి, చెయ్యి చాలాసేపు నీళ్ళలోనే ఉంచాడు.

ధనరాజు బోటు మీది బొమ్మ మాత్రం ఉండనివ్వమని కాంతమ్మత్త అడిగింది. కూలీకొచ్చే కుర్రాళ్ళు అలాగైతే ఆ బోటు ఎక్కం అన్నారు. చేసేది లేక సోంపేట నుంచి ఒకణ్ణి పిలిపించి లేతనీలం కొట్టించి, పైన సొరచేప అచ్చు వేయించారు. మావ వేసిన రంగు మందంగా ఉండడం వల్ల ఏటవాలు ఎండలో ఆ గీత నీలం కింద నుంచి ఉబ్బి కనపడుతుంది. కాంతమ్మత్త బోటు దగ్గరికొస్తే దాన్ని వేళ్ళతో తడుముకుంటూ తెగిన చోటు దాకా వెళ్ళి ఆగుతుంది. ధనరాజు చూసీ చూడనట్టు వల సర్దుకుంటాడు.

మావకి పని పోలేదు. అదే ఇంకా ఘోరం. ఊరు ఆయన్ని వెలెయ్యలేదు, అచ్చు పెట్టుకుని వెయ్యమంది. ఒకతను బోటుకి తామరపువ్వు అడిగాడు. వేశాడు. చక్కగానే ఉంది, వాడు సంబరపడ్డాడు కూడా. మావ ఇంటికొచ్చి కుంచెలన్నీ టర్పెంటైన్లో ముంచి వదిలేశాడు. వెంట్రుకలు ఊడిపోయే దాకా అలాగే ఉంచాడు. పలాస వెళ్ళేటప్పుడు ఆటోలో దారి పొడుగునా మాట్లాడే మనిషి నోరు కట్టేసుకున్నాడు. మిషను మీద పడుకుని తెల్ల గోడ వైపు చూస్తుండేవాడు. అన్నం మానేశాడని అత్త నా దగ్గర ఏడ్చింది. మందులు కూడా మానేస్తాడేమోనని నాకు అనుమానం.

నాకొక ఆలోచన వచ్చింది. మొగలో రాళ్ళు ముట్టొద్దన్నారు గానీ ఏటిలో రాళ్ళు ముట్టొద్దనలేదు కదా. ఏరు పుట్టే వైపు వెళ్తే ఆ రాళ్ళు ఎవరి దినాల రాళ్ళూ కావు, ఇంకా సముద్రాన్నే చూడలేదు. కొర్లయ్య తాతని అడిగితే కొండరాళ్ళైతే ఫరవాలేదన్నాడు. ఒక పొద్దున్న మావని ఆటోలో కూర్చోబెట్టి మందస దాటి కొండల కిందికి తీసుకెళ్ళాను. ఆయనకి ఇష్టం లేదు. ఏరు కనపడ్డాక మాత్రం చెప్పులు విప్పి దిగాడు.

ఒక రాయి తీసి ముంచాడు. పక్కన పెట్టాడు. ఇంకోటి. ఇంకోటి. అన్నీ గరుకు రాళ్ళు. కోసుకుపోయే అంచులు, పైన తోలులా మట్టిరంగు. తడిపినా మొహం విప్పలేదు. ఇవే రాళ్ళు కదా మొగకి వచ్చేవి అన్నాను. ఇవే, కానీ ఇంకా రాలేదు అన్నాడు. ఎండ ఎక్కింది, ఆయన కాళ్ళు వాచడం మొదలైంది. పోదాం అంటుండగా, గట్టు కింద ఒక పక్క విరిగి ఉన్న రాయి తీశాడు. విరిగిన వైపు ముంచి చూశాడు. బూడిదరంగు గీత ఒకటి సన్నగా మొదలై, విరిగిన అంచు దగ్గర ఆగిపోయింది. దాన్ని దింపలేదు. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు.

ఇంటికొచ్చి ఖాళీగా ఉన్న ఐసు పెట్టెలో నీళ్ళు పోసి దాన్ని వేశాడు. అప్పలమ్మత్త నీళ్ళ గురించి సణగలేదు. కడిగిన చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఆ రాయి వంక చూసి లోపలికెళ్ళిపోయింది. ఆమెకి అప్పుడే తెలిసింది. నాకు తట్టలేదు. మావ మళ్ళీ మొదలెడతాడని సంతోషపడ్డాను. ఇది ఏ బోటుకి అని అడిగాను కూడా.

రెండు మూడు రోజుల తర్వాత కాంతమ్మత్త వచ్చింది. పెట్టె పక్కన కూర్చుని రాయిని బయటికి తీసి, వేలితో గరుకు అంచులు తడిమి, "ఇది ఎవుల్ది గున్నన్నా?" అంది.

"నాదేనమ్మా," అన్నాడు మావ.

ఆవిడ తలూపి, రాయిని జాగ్రత్తగా మళ్ళీ నీళ్ళలో పెట్టింది. వాళ్ళిద్దరూ ఏదో ఊరి సంగతి మాట్లాడుకుంటున్నట్టు మాట్లాడుకున్నారు. అప్పటికి తట్టింది నాకు.

"ఒరే అల్లుడా," అన్నాడు మావ నా వైపు తిరిగి. "నా దినాలప్పుడు మూడు కెరటాలూ దాటించకండి. మొగలోనే ఒగ్గీండి. అది ఇంకా అరగాల గదా."

నోర్ముయ్ మావా అన్నాను. ఆయన నవ్వాడు. పెద్దలు దీనికి ఒప్పుకోరు. ఊరంతా చూస్తుండగా మొదటి కెరటం దగ్గర రాయి వదిలితే నన్ను ఒడ్డు మీద నిలబడనివ్వరు. ఆ రోజొస్తే ఆ రాయి పట్టుకుని నేను ఎంత దూరం వెళ్తానో నాకే తెలీదు.

ఇప్పుడు మావ ఇంటి వెనక పాత చెక్కపడవ పలక ఒకటి గోడకి ఆనించి ఉంది. దాని మీద బూడిదరంగు గీత ఒకటి మొదలై ఉంది. పలాస వెళ్ళని రోజుల్లో కొత్త కుంచెతో దాన్ని బెత్తెడు బెత్తెడు జరుపుతున్నాడు. ఎడమ చేతిలో రాయి ఉంటుంది. ఆరిపోతున్నట్టనిపిస్తే ముంచుతాడు.